అమ్మ కాలికీ కొట్టుకీ మధ్య

అమ్మ ఆపరేషన్ వద్దంది కాబట్టి ఆగామా, వద్దంటే బాగుండునని ఎదురుచూశామా? ఏళ్లుగా నాకు ఇదే ప్రశ్న.

ఈ రోజు నందిగామలో ఉచిత ఎముకల పరీక్షకు వెళ్లాను. నా ఎముకలు గుల్లబారుతున్నాయని చెప్పి డాక్టరుగారు అడిగారు.

"మీ ఇంట్లో ఎవరికైనా తుంటి విరిగిందామ్మా?"

"మా అమ్మకండి. బాత్రూంలో జారింది."

"ఆపరేషన్ చేయించారుగా?"

"చేయించామండి," అనేశాను.

చేయించలేదు. చేయించాలంటే జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టు అమ్మాల్సి వచ్చేది. "నా కాలికోసం కొట్టు అమ్ముతారటే? నాటు కట్టు కట్టించండి, చాలు," అంది అమ్మ. కట్టించాం. పోయేదాకా ఆరేళ్లు అమ్మ మంచం దిగలేదు. ఆమెను చూసుకోవడానికి నేను లెక్చరర్ ఉద్యోగం మానేశాను. మందుల ఖర్చుకు చివరికి ఆ కొట్టూ అమ్మేశాం.

మీ ఇంట్లోనూ అమ్మ ఇలా వద్దన్నప్పుడు మీలో ఎవరైనా లోలోపల హమ్మయ్య అనుకున్నారా? నేను అనుకున్నానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.