ఐదో ముక్కను చూడని స్కానర్

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, నర్సీపట్నంలో నేను పనిచేస్తున్న ప్రైవేటు ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌కి డిజిటల్ స్లైడ్ స్కానర్ ఎంపిక చేసే బాధ్యత నా మీద పడింది. అప్పటికి నేను సీనియర్ టెక్నీషియన్‌ని. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, పలచటి పొరలుగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు వేయడం మా పని. దాన్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెప్పేది పాథాలజిస్టు. టెక్నీషియన్ ఆ పేరు నోటివెంట రానివ్వకూడదు. మా పాథాలజిస్టు డాక్టర్ శారద గారు విశాఖపట్నం నుంచి వారానికి రెండు రోజులే వచ్చేవారు. స్కానర్ ఉంటే స్లైడు బొమ్మను ఆవిడ అక్కడే కంప్యూటర్‌లో చూసి రిపోర్టు ఇవ్వగలరు.

రెండు కంపెనీలు పోటీకి వచ్చాయి. మొదటి కంపెనీ యంత్రం చాలా వేగం. స్లైడు పెట్టి బటన్ నొక్కితే చాలు, ముక్క ఎక్కడుందో అదే వెతుక్కుని ఆ మేరకే స్కాన్ చేసేది. రెండోది నిదానం. ముందు గాజు మొత్తాన్ని ఒక ఫొటో తీసి, ఎంతమేర స్కాన్ చేయబోతోందో గీత గీసి చూపించేది. మనం సరేనంటేనే కదిలేది. మేనేజర్ ప్రసాదరావు గారికి మొదటిదాని మీదే మనసు. డెమోకి కంపెనీ వాళ్లు తమ స్లైడ్లు తెచ్చుకున్నారు. నేనూ తక్కువ తినలేదు. పెళ్లిచూపులకు పిల్లని ముస్తాబు చేసినట్టు, మా వాటిలో చక్కగా రంగు పట్టినవే ఏరి ఇచ్చాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

శారద గారు మాత్రం, వారం రోజులు మామూలు కేసులన్నీ ఆ మొదటి యంత్రంలోనే పెట్టమన్నారు. ఆ మాట ఆవిడ చేత అనిపించిన దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆ వారంలోనే గొలుగొండ నుంచి అప్పలకొండ అనే ఆవిడ వచ్చింది. తిన్నది ఇమడక చిక్కిపోయింది. ఎండోస్కోపీలో పొట్టలోంచి ముక్కలు తీసి మాకు పంపారు. ముక్కలు రాగానే లెక్కపెట్టి రిజిస్టర్లో రాసుకోవడం మా పద్ధతి. ఐదు అని రాశాను. మొదటి కంపెనీ యంత్రంలో స్కాన్ అయింది, మూడో రోజుకి రిపోర్టు వచ్చింది: నాలుగు ముక్కలు, క్యాన్సర్ లక్షణాలు లేవు.

నాలుగేమిటి? గాజు తీసి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాను. లేబుల్ పక్కన, వేలిముద్ర మరకలాగా లేత రంగులో ఐదోది ఉంది. యంత్రం దాన్ని ఖాళీ గాజు అనుకుని వదిలేసింది. వదిలేసినట్టు చెప్పనూ లేదు.

అదే సమయానికి అప్పలకొండ రిపోర్టు కోసం వచ్చి నిలబడింది.

"ఏటమ్మా, కాయితం వచ్చింది కదా, ఇచ్చీయకూడదా? బేగి ఎల్లకపోతే ఆటో దొరకదు."

"ఒక ముక్క ఇంకా చూడలేదమ్మా. అది చూడందే ఇవ్వలేను."

"ఐదు తీసినామన్నారు ఆ డాకటరు. మరి ఐదోది కూరొండుకున్నారేటి?"

అందరం నవ్వాం, ఆవిడతో సహా. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "సెడ్డదేనేటి? ఉన్నదున్నట్టు సెప్పీ."

నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు.

ప్రసాదరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. "డాక్టరమ్మ సంతకం పెట్టాక ఆపడానికి మీరెవరండీ? కెమెరా కంటే మీ కళ్లు గొప్పవా? ఇంట్లో చదివి ప్రైవేటుగా పరీక్ష రాసొచ్చిన వాళ్లతో ఇదే చిక్కు." పక్కనే ఉన్న కంపెనీ మనిషి అందుకున్నాడు: "మా సాఫ్ట్‌వేర్ మిస్సవదు మేడమ్. మీ రంగే లేతగా ఉంది."

అదే గాజు మీద, అదే రంగులో మునిగిన నాలుగు ముక్కలు ముదురుగా ఉన్నాయి కదా! అప్పుడు పుట్టిన మంట నాకింకా చల్లారలేదు. నన్ను అన్నందుకు కాదు. బయట బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉండగా, లోపల వీళ్లకి యంత్రం పరువు ముఖ్యమైంది. మా నాన్నగారు నాకు ఇంట్లోనే అక్షరాలు నేర్పారు, లెక్కలూ నేర్పారు. ఐదులోంచి నాలుగు పోతే ఒకటి మిగులుతుందని తెలుసుకోవడానికి ఆ చదువు సరిపోయింది.

రిపోర్టు ఇవ్వలేదు. శారద గారికి ఫోన్ చేసి, గాజునే బస్సులో విశాఖపట్నం పంపాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. "భాగ్యం గారూ, ఐదోదే అసలుది. క్యాన్సర్. కణాల నిండా జిగురుంది, అందుకే రంగు పట్టలేదు. మీరు గాజు పంపకపోతే నా సంతకమే ఆవిణ్ణి ఇంటికి పంపేసేది." తప్పు తన మీద వేసుకున్న పెద్దమనసుకి నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.

అప్పలకొండకు ఆపరేషన్ చేసి పొట్టలో కొంత భాగం తీసేశారు. నేను రిటైరయ్యే నాటికి ఆవిడ చెకప్‌లకు వస్తూనే ఉంది.

ట్రయల్ ఫారంలో "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టమన్నారు ప్రసాదరావు గారు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. "ఒక్క స్లైడు కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నారు. ఆ ఒక్క స్లైడు వాళ్లింటి ఆడకూతురిదైతే ఆ మాట అనేవారా? శారద గారు పట్టుబట్టడంతో చివరికి రెండో యంత్రమే కొన్నారు. కొనుగోలు కమిటీ మినిట్స్‌లో మాత్రం "సర్వీసు ఇంజినీరు దగ్గరలో అందుబాటులో ఉన్నందున" అని కారణం రాశారు. ఐదో ముక్క ఊసు ఒక్క వాక్యంలోనూ లేదు.

స్కానర్ కొనబోయే ల్యాబ్ వాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. వేగం సంగతి తర్వాత చూసుకోవచ్చు. యంత్రం వదిలేసిన చోటు మనకు కనబడుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. అది బ్రోషర్లో దొరకదు. మీ ల్యాబ్‌లో అన్నిటికన్నా పేలవంగా ఉన్న స్లైడు తీసి, అందరి ముందూ అందులో పెట్టి చూడండి.