పేరు మార్చడం మరిచిన ప్రోగ్రామ్

మా సార్ పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసుకు వెళ్తున్నాను. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టేసిందన్నారట. బాన్సువాడ దవాఖానకు చేరేలోపే అయిపోయింది. అక్క ఏడవలేదు. "మా అన్నకు నువ్వే చెప్పు, మీ ఊరోడే గదా. నేను చేస్తే ఎత్తడు," అని పెట్టేసింది. ఆ మాటకు నాకు ముందు కోపం వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

అక్క అంటే సార్ భార్య. మేం శిష్యులమంతా అలాగే పిలిచేవాళ్లం. ఆమె అన్న బీర్కూర్‌లో ఉంటాడు, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. సార్‌కు బావ. ముప్పై ఏళ్లు కావస్తోంది, ఆ రెండిళ్లకూ మాటల్లేవు. కారణం ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ పేరు అంటే మీరు నవ్వుతారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

సార్ మాకు కోబాల్ నేర్పారు. బ్యాంకులు, ఫ్యాక్టరీలు లెక్కల కోసం వాడుకున్న పాత భాష అది. కాలం చెల్లిందని అందరూ అంటారు గానీ నా ఇంట్లో పొయ్యి ఇప్పటికీ దాని మీదే వెలుగుతోంది. బాన్సువాడ బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పైన కిరాయి గది, యూరియా వాసన, ఎప్పుడు ఆగుతాయో తెలియని కంప్యూటర్లు. నేను బస్సు దిగి మెట్లెక్కేసరికి సార్ బోర్డు మీద పాఠం రాసి ఉంచేవారు. కోబాల్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ముందు తానెవరో చెప్పుకోవాలి. ప్రోగ్రామ్ ఐడీ అని రాసి పక్కన పేరు, ఆ పేరు చివర చుక్క. దాని కింద రాసినవారి పేరు. ఆ తర్వాతే పనిలోకి దిగాలి. ఇంకెక్కడైనా ఈ పాఠం చాయ్ తాగినంత సేపట్లో అయిపోతుంది. మా సార్ దగ్గర వారమైనా తెమిలేది కాదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. కొత్త ప్రోగ్రామ్‌కు పేరు పెట్టాలంటే లేచి నిలబడి, దాన్ని గట్టిగా చదివి, "గీ పేరు ఇంకెవలదన్న ఉన్నదా?" అని అడగాలి. అందరూ తమవి చూసుకుని "లేదు" అన్నాకే టైపు చెయ్యాలి. కింద ఎరువుల కోసం వచ్చిన రైతులు పైన చిన్నపిల్లల బడి నడుస్తోందనుకునేవాళ్లు. మద్నూర్ నుంచి వచ్చే ఒకతను తనకు నచ్చిన అమ్మాయి పేరు పెట్టేసి, చదవమంటే తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు. సార్ వంగి తెర మీద చూసి, "గిది జీతాలు లెక్కగడ్తదా, ఇంకేమన్న లెక్కగడ్తదా? పని జెప్పే పేరు పెట్టు బిడ్డా. గా పేరు పెండ్లి కార్డు మీద రాస్కో," అన్నారు. అతను ఆ పేరే రాసుకున్నాడు కూడా, అది వేరే సంగతి.

"నకలు కొట్టుర్రి, నేనేమన. గని ముందుగాల పేరు మార్చుర్రి. లోపల తప్పు జేస్తే మిషిన్ లొల్లి వెడ్తది. పేరు మార్చకుంటే సప్పుడు జెయ్యది," అని రోజూ అనేవారు. అది చాదస్తమనుకున్నాం. అక్క ఒకరోజు వంటింట్లో అసలు సంగతి చెప్పింది.

బాన్సువాడకు రాకముందు సార్ ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. ఏ రైతు చెరుకు ఎప్పుడు కొట్టాలో చిట్టీలు ఇచ్చే ప్రోగ్రామ్ ఆయన రాసిందే. కొత్తగా నాటిన చెరుకుకు ఒకటి, పాత మోళ్ల నుంచి మళ్లీ ఎదిగిన చెరుకుకు ఒకటి. మొదటిదాన్ని నకలు తీసి రెండోది తయారుచేశారు. అన్నీ మార్చారు, పైనున్న పేరు మార్చడం మరిచారు. రెండోది ఎక్కించగానే అది మొదటిదాని మీద పడి దాన్ని తుడిచేసింది. కొత్త చెరుకు వేసినవాళ్లకు చిట్టీలు రాలేదు. బీర్కూర్‌లో ఆ ఏడు కొత్తగా నాటింది బావ ఒక్కడే. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన తన వంతు కాస్త ముందుకు జరపమని అడిగితే, సార్ కుదరదన్నారు. ఇక బావ ఏమనుకుంటాడు? చిట్టీ లేనిదే ఫ్యాక్టరీ చెరుకు తీసుకోదు; తప్పు బయటపడేసరికి అది పొలంలోనే ఎండింది. చివరికి తానే అగ్గి పెట్టాడు.

యంత్రం చెడిందని చెబుదాం, రాసినవారి పేరు తీసెయ్ అని ఫ్యాక్టరీలో పెద్దవాళ్లు అన్నారట. సార్ తియ్యలేదు. బావ వాకిట్లోకి పోయి "తప్పు నాదే" అన్నారు. "తప్పు గాదు, పగ," అని బావ తలుపేసుకున్నాడు. ఆ తలుపు అక్కకు కూడా పడిపోయింది.

బీర్కూర్ నుంచి వచ్చేదాన్ని కనుక నా పని ఇంకొకటి ఉండేది. క్లాసు అయ్యాక సార్ బోర్డు తుడుస్తూ, "మా బావ మంచిగుండా? ఈసారి వరి వెట్టిండా?" అనేవారు. వంటింట్లో అక్క, "మా వదినె మోకాలి నొప్పి తగ్గిందా?" అనేది. ఒకరు అడిగినట్టు ఇంకొకరికి తెలియదు. అప్పుడు జరిగింది బావకు నేను చెబుతానంటే సార్ ఒప్పుకోలేదు. "నా తప్పు నేనే జెప్పుకోవాలె. నువ్వు జెప్తే అది సిఫారసైతది." ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవారిని ఏమీ అనకూడదంటారు, నా వల్ల కావడం లేదు. ఇంత అన్నం పెట్టిన మనిషి కదా, ఎవరితో చెప్పుకోను?

ఫోన్ చేస్తే బావ "సరే" అన్నాడు. మట్టి ఇవ్వడానికి రాలేదు. దినాల నాడు, భోజనాలు అయిపోయాక వచ్చాడు. టెంటు కింద ఒక కుర్చీలో కూర్చుని నన్ను పిలిచాడు.

"అప్పుడు అసలేమైందో నువ్వు జెప్పు బిడ్డా. ఆయన జెప్పవస్తే నేను ఇనలే."

చెప్పాను. రెండిటికీ ఒకటే పేరు పడిందని, ఒకటి పోయి ఇంకొకటి మిగిలిందని.

"అంటే నన్ను జూసి జెయ్యలే?"

"లేదన్నా. మీ చిట్టీ రాసేదే లేకుండ పోయింది."

"మల్ల ఎట్ల బాగుజేసిండు?"

"పేరు మార్చి, మల్ల ఎక్కిచ్చిండు. గంతే."

"గంతేనా," అన్నాడు. తర్వాత పక్కన ఖాళీ కుర్చీని దగ్గరికి లాగి, లోపలికి చూస్తూ పిలిచాడు. "చెల్లే, ఇట్రా. ఇట్ల కూసో."

అక్క చాయ్ తెచ్చింది. ఆయన చేతికిచ్చింది. టెంటు వాళ్లు అప్పటికే సామాను సర్దుతున్నారు. అక్క ఆ ఖాళీ కుర్చీని రెండు చేతులతో ఎత్తి, తీసుకుపోయి, వాళ్ల కుర్చీల దొంతర మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.