మెల్లగా లెక్కలు చేసే అమ్మాయి

హన్మకొండలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతిలో బాగా చురుకైన పిల్లలకు శనివారం సాయంత్రాలు ప్రత్యేక క్లాసు పెట్టమని హెడ్మాస్టరు అన్నారు. లావుపాటి ప్రాక్టీసు పుస్తకం కూడా తెప్పించారు.

“ముందు వాళ్లకేం కావాల్నో అడుగుత సార్,” అన్నాను.

“పిల్లలను అడుగుడేంది మేడం? వాళ్లకేం తెలుస్తది?”

“తెలుస్తది సార్. జర ఆగుండ్రి.”

ఎవరికి పాఠం బరువో, ఎవరికి విసుగో ముఖం చూసి చెప్పగలను. కానీ ఆ విసుగు ఎందుకో వాళ్లే చెప్పాలి. ఆ క్లాసుకు ఎంచిన ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగాను.

“అంత మంచిగనే ఉంది మేడం,” అన్నారు ముగ్గురూ. నేను లేవలేదు. బజార్లో బట్టల దుకాణం ఉన్నవాళ్ల అమ్మాయి ముందుగా నోరు విప్పింది.

“లెక్కలు తొందరగ అయిపోతే మళ్ల అసుంటియే ఇంకిన్ని ఇస్తరు మేడం. అందుకే నేను కావాల్నని మెల్లగ చేస్తాన.”

తరగతిలో అందరికన్నా ముందుండాల్సిన పిల్ల చివరిదాకా పెన్ను ఎందుకు ఆడిస్తుందో అప్పుడు అర్థమైంది.

నెక్కొండ నుంచి రైల్లో వచ్చే రైతు కుటుంబం అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. “పక్కోళ్లకు చెప్పుమంటరు. చెప్పుడు ఇష్టమే మేడం. కానీ నాకు కొత్తది ఎవరు చెప్తరు?”

మూడో పిల్ల ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయి. ఆమె తల వంచుకుని అంది: “నేను తప్పు చెప్తే అందరు నవ్వుతరు. అందుకే తెలిసిందే చెప్త.”

పుస్తకం పక్కన పెట్టేశాను. క్లాసులో కష్టమైన లెక్క ముందు చేసి చూపిస్తే మిగతావి చేయక్కర్లేదన్నాను. శనివారం ఒక చెస్ బోర్డు తీసుకెళ్లి, ఎదురెదురు మూలల్లో రెండు గళ్లు కాగితంతో మూశాను. పక్కపక్కనున్న రెండేసి గళ్లను మూసే అట్టముక్కలతో మిగిలినదంతా కప్పగలరా అని అడిగాను.

ఫస్టు వచ్చే అమ్మాయే ముందు లేచింది. కుదురుతుందని ధైర్యంగా చెప్పి, ముక్కలు పేర్చి, చివర్లో ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. మిగతా ఇద్దరూ తమ కాగితాల మీద గీసి చూసి అప్పటికే ఓడిపోయి ఉన్నారు. ఆమే నవ్వింది.

మరుసటి శనివారం నెక్కొండ అబ్బాయి వస్తూనే అన్నాడు: “మూసిన రెండు గళ్లు తెల్లయే మేడం. ఒక్కో ముక్క ఒక తెల్లది, ఒక నల్లది మూస్తది. నల్లయి రెండు ఎక్కువున్నయి, ఇగ ఎట్ల కుదుర్తది?”

దుకాణం వాళ్లమ్మాయి వెంటనే అందుకుంది. “మరి కాగితంతోని ఒక తెల్లది, ఒక నల్లది మూస్తే కుదుర్తదా మేడం?”

ఆ ప్రశ్న నేను ఇచ్చింది కాదు. ఆమెకు సుద్దముక్క అందించి, నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన హెడ్మాస్టరు కూడా నా పక్క బెంచీలో సర్దుకుని కూర్చున్నారు.