పెంకుల మీది పాలపన్ను

విజయనగరంలో పళ్ల డాక్టరు మా అమ్మాయికి క్లిప్పులు బిగిస్తుంటే నాకు ఎక్కడినుంచో పేడ వాసన తగిలింది. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి, వెనక్కి చూడకుండా పెంకుల మీదికి విసిరేవాళ్లం, గుర్తుందా?

నాకు కొత్త పన్ను వంకరగా వచ్చేసరికి మా నాన్నమ్మ, విసిరిన పన్ను జారి కింద పడిందేమోనని చూరు కిందంతా వెతికింది.

"ఒసే, నిజం సెప్పు. ఇసిరేసి ఎనక్కి సూసినావు కదా?"

చూడలేదని ఎంత ఏడ్చినా నమ్మలేదు. నా పెళ్లిపీటల మీద కూడా నా నోటికేసి అనుమానంగానే చూసింది.

దవడలో చోటు చాలకే మా అమ్మాయి పళ్లు వంకర తిరిగాయని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. బుద్ధిగా తలూపాను.

ఆటో ఎక్కగానే అమ్మాయిని పట్టుకున్నాను. "నిజం సెప్పు. అమ్మమ్మోలింట్లో పన్ను ఇసిరినప్పుడు ఎనక్కి సూసినావు కదా?"

"ఒట్టమ్మా, సూడనేదు," అంది క్లిప్పుల నోటితో.

ఎందుకో నమ్మబుద్ధి కాలేదు.