రెండు వారాలకు తెచ్చిన కుక్క

"చాలా బుద్ధిమంతురాలు మేడం," అని కుక్కల షెల్టర్ అమ్మాయి అనగానే నాకు అనుమానం మొదలైంది. అంత బుద్ధిమంతురాలైతే శామీర్‌పేట అవతల ఆ రేకుల షెడ్డులో ఏడాదిగా ఎందుకు పడి ఉంది? వచ్చిపోయే ఇంతమందిలో ఒక్కరూ ఎందుకు తీసుకుపోలేదు? అదే అడిగేశాను. "మామూలు వీధి కుక్క కదా, అందరికీ జాతి కుక్కలే కావాలి," అందామె. చెవి కొస కత్తిరించి ఉంటే అదేమిటన్నాను. ఆపరేషన్ చేసిన కుక్కలకు పెట్టే గుర్తట. అదీ సగమే నమ్మాను.

తెచ్చుకుందామన్నది మా ఆయన. మా నల్లది పోయి అప్పటికి నాలుగు నెలలు. పదమూడేళ్ళు మా ఇంట్లో తిరిగిన కుక్క. దానికి కిడ్నీలు చెడిపోయాయని సుచిత్ర చౌరస్తా దగ్గరి కుక్కల డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఉప్పు లేని అన్నం విడిగా వండి చేత్తో తినిపించాను. కాస్త లేచి తిరిగేది, మళ్ళీ పడిపోయేది. చివరిసారి ఆ డాక్టర్, "ఇంట్లో కూరగీర ఏమన్నా పెడుతున్నారా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు పెడతారు? పక్కింటివాళ్ళను అనుమానించాను. ఇల్లు ఊడ్చే ఆమెను అడగరాని మాట అడిగాను, ఆమె ఏడ్చుకుంటూ పని మానేసింది. వారానికి నల్లది పోయింది. ఎవరో చంపారన్న కసి నాలో అట్లాగే ఉండిపోయింది.

నాయిన సంగతి వేరు. అమ్మ పోయాక గౌడవెల్లి నుంచి తూంకుంటలోని మా ఇంటికి వచ్చేసిన మనిషి. నల్లదాన్ని పాతిపెట్టిన రోజే, "ఇగ గీ ఇంట్లకు కుక్కను తేవద్దు బిడ్డా," అన్నాడు. కొత్తది వచ్చాక దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ షెల్టర్‌లో ఒక పద్ధతి ఉంది. రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని చూడాలి, కుదరకపోతే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. నిజం చెప్పాలంటే, మొదటి రోజు నుంచీ నేను వెనక్కి పంపే సాకు కోసమే చూశాను. దాన్ని దగ్గరికి తీస్తే నల్లదానికి ద్రోహం చేసినట్టు అనిపించేది.

సాకు త్వరగానే దొరికింది. చికెన్ కలిపి అన్నం పెడితే వాసన చూసి పక్కకు పోయేది. అయినా ఒళ్ళు చిక్కలేదు. మూతికి మాత్రం అప్పుడప్పుడు పసుపు కనిపించేది. దొంగతిండి మరిగిందన్నమాట. వంటింటికి గడియ పెట్టాను. కూరగిన్నె మూత మీద కందిపప్పు డబ్బా బరువు పెట్టాను. తలుపు సందులోంచి కాపు కాశాను. దొరకలేదు. పైగా నేనెటు కదిలితే అటే చూసేది. ఎవరు ఎవరిని కాపలా కాస్తున్నారో నాకే తెలిసేది కాదు.

"దాన్ని అట్ల సూడకు, బుగులు పడి బెదురుతాంది," అన్నాడు మా ఆయన.

"దొంగను ఇంకెట్ల సూడాలె?" అన్నాను.

నాయిన పేపరు చాటు నుంచి, "పంపియ్యిరాదు బిడ్డా, మనకెందుకు గీ పరేషాన్," అన్నాడు.

శుక్రవారం షెల్టర్‌కు ఫోన్ చేశాను. ఆదివారం మధ్యాహ్నం వస్తానంది ఆ అమ్మాయి. "ఒకసారి వెనక్కొచ్చిన కుక్కను మళ్ళీ ఎవరూ అడగరు మేడం," అని కూడా అంది. విననట్టు పెట్టేశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. ముద్ద ముట్టేముందు ప్రార్థన చెయ్యడం మా ఇంట్లో అలవాటు. మా ఆయన మొదలుపెడితే ఒక పట్టాన ముగియదు. పాస్టరుగారి మోకాలి నొప్పి నుంచి వారానికోసారి వచ్చే నల్లా నీళ్ళ దాకా అన్నీ దేవుడికి అప్పజెప్పాకే ఆమేన్. అప్పుడు తట్టింది నాకు. ఇంట్లో అందరం ఒకేసారి కళ్ళు మూసుకునేది ఇప్పుడే. దొంగకు ఇంతకన్నా ఏం కావాలి? దేవుడు నన్ను క్షమించాలి, ఆ రోజు ఒక కన్ను తెరిచాను.

కుక్క నాయిన కుర్చీ పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. నాయిన కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. కంచంలోంచి ఒక ముక్క తీసి మంచినీళ్ళ గ్లాసులో ముంచాడు. వేళ్ళతో నలిపి కడిగాడు. పైకి తీసి చూసి, మళ్ళీ ముంచాడు. ఎముక ఊడదీసి పక్కన పెట్టి, అప్పుడు చెయ్యి కిందికి చాపాడు. అది ఆయన వేళ్ళకు పన్ను తగలకుండా అందుకుంది.

"ఏంది నాయినా అది?"

మా ఆయన ప్రార్థన నల్లా నీళ్ళ దగ్గరే ఆగిపోయింది. నాయిన గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. నీళ్ళ మీద ఎర్రగా నూనె తేలుతోంది.

"ఉప్పు పోయేదాక కడిగే పెడుతున్న బిడ్డా," అన్నాడు. "గా నల్లదానికి కడగకనే పెట్టిన. డాక్టర్ వద్దన్నా, ఒక్క ముక్కకు ఏమైతది అనుకున్న. రోజూ గట్లనే అనుకున్న," అన్నాడు.

నాలుగు నెలలుగా ఎవరి మీద పొయ్యాలో తెలియని కోపమంతా ఒక్కసారి ఆయన మీదికి మళ్ళింది. ఏ పాపం ఎరగని మనిషిని నేను ఏడిపించి పంపాను, ఈయన అదే గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

"మరి దీన్ని పంపియ్యమని ఎందుకన్నవ్?"

"నా చేతుల గిది కూడ పోతదని," అన్నాడు. ఆ చేతులను బల్ల కిందికి దాచుకున్నాడు. తిట్టాలనుకున్నవి ఒక్కటీ తిట్టలేకపోయాను.

గేటు దగ్గర బండి ఆగింది. షెల్టర్ అమ్మాయి తాడు పట్టుకుని లోపలికొచ్చింది. తాడు కాదు, కుక్కను ఉంచుకునే కాగితాలు తియ్యమన్నాను. అందులో సంతకాలు పెట్టాల్సిన మా ముగ్గురి పేర్ల కింద ఒక ప్రశ్న ఉంది: ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా చనిపోయింది? పెన్ను అక్కడే ఆగింది. నాయిన నా చేతివైపే చూస్తున్నాడు. 'వయసు మీదపడి' అని రాసి కాగితం ఆయన ముందుకు జరిపాను.

నాయిన కళ్ళజోడు పెట్టుకుని అది రెండుసార్లు చదివాడు.

"ఇది అబద్ధం గద బిడ్డా."

"సంతకం పెట్టు నాయినా," అన్నాను.