కంటిపాప మీద ముద్ర

మార్టూరు చుట్టుపక్కల తెలివైన వ్యాపారులకు కొదవ లేదు. బీటపడ్డ గ్రానైటు పలకకి మైనం రాసి ఇంటిగుమ్మానికి అమ్మినవాళ్లున్నారు. కానీ చర్చి అయ్యగారిని, ఆయన చేతిలోని బైబిలుతోనే, ఆయన సంఘం ముందే నోరు మూయించిన కిరాణా కొట్టువాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పైసా పెట్టుబడి లేకుండా అంత గెలుపు నాకు మళ్లీ రాలేదు. వసూలు మాత్రం మా అక్క దగ్గర జరిగింది.

మా కొట్టు రాళ్ల పాలిషింగు యూనిట్లకి వెళ్లే దారిలో ఉండేది. నేను గల్లాపెట్టె పక్కన పెరిగాను. నాకంటే పదేళ్లు పెద్దదైన అక్క నన్ను చంకనేసుకుని పెంచింది. నన్ను బడికి పంపారు, దాన్ని మిరపకోతలకి పంపారు. అందుకని అక్కకి బైబిలంటే నేను చదివి వినిపించిందే.

తొంభైల చివర్లో, రెండువేల సంవత్సరం దగ్గరపడుతోంది, లోకం ముగిసిపోతుందని ఊరూరా సువార్త కూడికలు పెట్టేవాళ్లు. రెండు వెదురుబొంగుల మధ్య గుడ్డ పటం కట్టేవాళ్లు. దాని మీద బైబిలు ఆఖరి పుస్తకంలోని ఏడు తలలు, పది కొమ్ముల మృగం. గీసింది సినిమా బోర్డుల పెయింటరు కావడంతో రెండు తలలకి విలన్ మీసాలుండేవి. బోధకుడు కర్రతో ఒక్కో కొమ్మూ చూపించి ఇది ఫలానా దేశం అనేవాడు. మరుసటేడు ఇంకో బోధకుడు వచ్చి అదే కొమ్ముకి ఇంకో దేశం పేరు పెట్టేవాడు. జనం భయంతో వినేవాళ్లు. నాకు మాత్రం మిర్చి యార్డు గుర్తొచ్చేది. టిక్కీ బస్తాలో కాయ అదే, రేటు చెప్పే నోరు మారుతోంది. ఆ విద్య నాకూ వచ్చనిపించింది.

రెండువేలు వచ్చింది, పోయింది. లోకం ఎక్కడిదక్కడే ఉంది, పత్తిలో పురుగుతో సహా. బోధకులు లెక్కలు సవరించుకున్నారు. ఆదివారం సాయంత్రాలు మా కొట్టు అరుగు మీద ఆ పుస్తకం గురించి నేనూ వాదనలు మొదలుపెట్టాను. నల్లగుర్రం మీద తక్కెడ పట్టుకున్నవాడెవడు, మిడతలకి ఆడవాళ్ల జుట్టెందుకు, ఇలాంటివి. ఎదుటివాడి అర్థం ముందు చెప్పనిచ్చేవాణ్ణి. బేరంలో ధర ముందు చెప్పినవాడు సగం ఓడినట్టే. ఆ తర్వాత నాది చెప్పేవాణ్ణి, కాస్త ఎక్కువ భయంగా. భయం బాగా చెల్లే సరుకు.

కొన్నేళ్లకి రేషన్ కార్డులకి కంటిపాప ఫోటో తియ్యడం వచ్చింది. మిషన్లో కన్ను పెట్టాలి, లేకపోతే కార్డు పోతుందన్నారు. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. చివరి రోజుల్లో మృగం అందరికీ నొసటి మీదో కుడిచేతి మీదో ముద్ర వేస్తుందనీ, అది లేనివాడు కొనలేడు, అమ్మలేడనీ, వేయించుకున్నవాడికి నరకమేననీ బైబిలు ఆఖరి పుస్తకంలో ఉంది. ఇదేనా అది? ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు అయ్యగారినే అడిగారు.

ఆయన నెమ్మదస్తుడు. "అమ్మా, అవి హింసలో ఉన్న ఆనాటి విశ్వాసులకి గుర్తులతో రాసిన మాటలు. నొసలంటే మన తలపు. కుడిచెయ్యంటే మన పని. ఎవరికి మొక్కుతామో వాళ్ల ముద్రే మన మీద ఉంటుంది. దానికీ కార్డుకీ సంబంధం లేదు. వెళ్లి తీయించుకోండి" అన్నాడు.

అక్కడితో అయిపోవాల్సింది. నేను లేచాను.

"మరి కొనడం, అమ్మడం అని ఎందుకుందండీ? తలపుతో కందిపప్పు కొంటామా?"

మగవాళ్ల వైపు నవ్వులు.

"అందులో ఉంది నొసలు. వీళ్లు తీసేది కంటి ఫోటో కదయ్యా" అన్నాడాయన.

"కొట్టు ముందు మెట్టు కూడా కొట్టు కిందికే వస్తుందండీ. మా నాన్న పంచాయతీవాళ్లతో దాని మీదే కొట్లాడాడు. నొసటికి కన్ను మెట్టు."

నవ్వులు పెరిగాయి. ఆగి ఉండొచ్చు. ఆగలేదు.

"అయినా కొనడం, అమ్మడం మీకేం తెలుస్తుందిలెండి. మీ ఇంటికి బియ్యం కూడా కానుకగానే వస్తాయి."

అయ్యగారు కూడా నవ్వి, బైబిలు మూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆడవాళ్ల వరసల్లో అక్క నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. మురిసిపోతోందనుకున్నాను.

నేను చెప్పింది నేను నమ్మానా అంటే, అమ్మే ప్రతి సరుకూ తినాలని కొట్టువాడికి రూలు లేదు. పై వారమే, చర్చివాళ్లెవరూ రాని మిట్టమధ్యాహ్నం చూసుకుని, నేనూ మా ఆవిడా మండలాఫీసుకి వెళ్లి కళ్లు చూపించుకుని వచ్చాం.

అక్క వెళ్లలేదు. బావ పోయి అప్పటికి చాలాకాలమైంది, పక్క ఊళ్లో ఒక్కతే ఉండేది, చర్చికి మాత్రం మా ఊరే వచ్చేది. మిషను ఆ ఊరికే వచ్చి రచ్చబండ దగ్గర పెడితే, "మా తమ్ముడు చదివి చెప్పాడు, నేను రానండీ" అందట. ఆ మాట నాకు తెలిసినప్పుడు భయం వెయ్యలేదు, ముచ్చటేసింది. కార్డు పోయింది. కొట్టులోంచి నెలనెలా బియ్యం పంపి నా మనసు చాలా గొప్పదనుకున్నాను. "అక్కా, నేను తీయించుకున్నా, నువ్వూ తీయించుకో" అంటే సరిపోయేది. కానీ అలా అంటే గెలిచిన వాదన ఓడిపోతుంది.

అక్క మిర్చి ఆరబోసే కళ్లాల్లో, ఎండుమిర్చి నుంచి పాలిపోయిన తాలుకాయ ఏరే పనికి వెళ్లేది. ఆ ఘాటుకి అందరూ దగ్గుతారు, ఆయాసపడతారు. అందుకే దాని ఆయాసం ఎవరికీ పట్టలేదు. కాళ్లు నీరు పట్టాక గుంటూరు తీసుకెళ్లాం. గుండెలో కవాటం పాడైంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకుంటుందన్నారు. లేకపోతే వాళ్లు చెప్పిన మొత్తానికి మా కొట్టు, సరుకుతో కలిపి అమ్మినా చాలదు.

కొత్త కార్డుకి దరఖాస్తు పెట్టాను. కన్ను చూపించాలన్నారు.

"రాను" అంది అక్క.

"ఒసేయ్ అక్కా, అది ముద్ర కాదే. అయ్యగారు ఆరోజే చెప్పాడుగా, తలపూ పనీ అని."

"నువ్వు కాదన్నావుగా."

"ఏదో నోటిదురదకి అన్నాను."

"దేవుడి మాట మీద నోటిదురద ఏంట్రా? అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

జేబులోంచి నా కార్డు తీసి దాని చేతిలో పెట్టాను. చదవలేకపోయినా ఫోటోలో నన్నూ మా ఆవిడనీ గుర్తుపట్టింది.

"ఎప్పుడు తీయించుకున్నావు?"

"ఆ పై వారమే."

కార్డు తిరిగిచ్చి, చీర మార్చుకుని వచ్చి, "పద" అంది. ఒప్పించాననుకున్నాను. మిషన్ ముందు కూర్చున్నాక రెండుసార్లు మొహం వెనక్కి తీసుకుంది. మిషన్ కుర్రాడు "కదలకండమ్మా" అన్నాడు.

కార్డొచ్చింది. ఆపరేషనూ అయింది. డాక్టరు మాత్రం, ఇంకా ముందు తెస్తే గుండె ఇంత పెరిగేది కాదన్నాడు. అక్క లేచి తిరిగింది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు శరీరమూ రక్తమూ అని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు పళ్లెం దాని దగ్గరికి వస్తే ముట్టుకోకుండా పక్కామెకి అందించింది. మరుసటి నెలా అంతే. ఆ తర్వాత గుమ్మం అవతల, చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

అయ్యగారు ఇంటికి వెళ్లి ఎన్నో విధాల చెప్పాడు. "మీరు నన్ను ఓదార్చడానికి చెప్తున్నారయ్యగారూ. వాడు ఓదార్చే పని లేనప్పుడు చెప్పాడు" అంది.

ఒకరోజు నేనూ అడిగాను. "నా కన్నూ తీశారుగా. నేను రొట్టె తీసుకుంటున్నాగా."

"నువ్వు నమ్మకుండా తీయించుకున్నావు, నీకేం కాదు. నేను నమ్మి తీయించుకున్నా. బతుకు మీద ఆశతో."

కోపం లేదు గొంతులో. బేరానికి సందూ లేదు.

రెండేళ్లు అలాగే బతికింది. చివరి రోజున అయ్యగారు రొట్టె తెచ్చాడు. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత గంటసేపుంది.

ఇక లెక్క. ఆసుపత్రి మా దగ్గర ఏమీ తీసుకోలేదు. చౌకబియ్యం బదులు నేను కొట్టు బియ్యం ఇచ్చాను, అది చెల్లు. ఆలస్యానికి పాడైన గుండె నా పద్దులో ఉంది, కొంత డాక్టరు బాగుచేశాడు. మిగిలింది ఒకటి. పోయాక ఎక్కడికి వెళ్తానోనని అక్క రెండేళ్లు భయపడింది, ఆ భయంతోనే పోయింది. అయ్యగారు ఆమె ప్రభువు దగ్గరే ఉందంటాడు. ఉండొచ్చు. ఆ సంగతి ఆమెకి తెలియకుండా చేసింది నేను. దీన్ని ఎవరి ఖాతాకీ మార్చలేను, తగ్గించి ఇవ్వమని అడగడానికి ఆమె లేదు.