ఎడమచేతికి ఇచ్చిన ట్రైనింగ్

తాంబూలాలు పుచ్చుకునే వేళ, పదిమందీ చూస్తుండగా టెన్నిస్ ఆడి, సొంత చెల్లెలి సంబంధం చెడగొట్టబోయిన అన్నయ్య కోనసీమ మొత్తం మీద నేనొక్కడినే. రాకెట్టు లేదు, బంతి లేదు. అయినా ఆడేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అమలాపురంలో మేం పొద్దున్నే ఆడుకునే కోర్టుకి ఆ ఏడు సుజాత గారని కొత్త కోచ్ వచ్చారు. ఎడంపక్కకొచ్చిన బంతికి రెండు చేతులతో ఆవిడ కొట్టిన మొదటి బ్యాక్‌హ్యాండ్‌ని నెట్‌కి ఇవతల నిలబడి చూశాను. చూశానంటే అబద్ధం. ఆవిడ భుజం తిరగడం చూశాను, తర్వాత నా వెనక కంచె దగ్గర పడున్న బంతిని చూశాను. మధ్యలో ఏం జరిగిందో ఆ దేవుడికే తెలియాలి. ఒళ్ళు గగుర్పొడిచింది. దణ్ణం పెడదామంటే రాకెట్టు అడ్డమొచ్చింది.

"ఎలా కొట్టేరండీ అది?" అన్నాను.

"పూర్వం ఎడం చెయ్యి ఊరికే సాయం పట్టేదండి. ఇప్పుడు పద్ధతి మారిపోయింది. కొట్టేది ఎడం చెయ్యే. కుడిచెయ్యి పక్కనుండి దారి చూపిస్తుందంతే."

"నా ఎడం చెయ్యి పుట్టి బుద్ధెరిగి ఒక్కటే పని చేసిందండీ. అదేంటో మీకు చెప్పలేను."

"ఆయ్. అందుకే ముందు దానికి పని అలవాటు చెయ్యండి. తలుపు తియ్యడం, వస్తువులు అందివ్వడం, అన్నీ దాంతోనే."

గురువాజ్ఞ కదా! పళ్ళు తోమడం, తల దువ్వడం అన్నీ ఎడమచేత్తోనే. ఇన్నాళ్ళూ పనికిరాదనుకున్న చెయ్యి పోనుపోను చెప్పకుండానే ముందుకొస్తుంటే, నా చేతిని చూసి నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి.

అంతలో మలికిపురం నుంచి మగపెళ్ళివారు తాంబూలాలకి వచ్చారు. మా శిరీష మనసుపడిన సంబంధం. నాన్నగారు లేరు కాబట్టి ఇవ్వాల్సింది నేనే. పెళ్ళికొడుకు తండ్రి సూర్యనారాయణ గారు కండువా సర్దుకుని ఎదురుగా నిలబడ్డారు.

"ఇవ్వండి బాబూ," అన్నారు పంతులుగారు.

పళ్ళెం అందించాను. ఎడమచేత్తో. కుడిచెయ్యి నడుం మీద విశ్రాంతి తీసుకుంటోంది.

పంతులుగారు దగ్గారు. "బాబూ, చెయ్యి చూసుకోండి."

చూసుకున్నాను. మణికట్టు నిటారుగా ఉంది, మోచెయ్యి వదులుగా ఉంది. ఏ లోపమూ కనపడలేదు.

పెళ్ళికొడుకు మేనత్త మెల్లగా అడిగింది. "మా అన్నయ్యగారికి ఎడం చెయ్యి చాలనుకున్నారాండీ?"

"అయ్యో, అది టెన్నిస్ అలవాటండీ."

"టెన్నిస్‌లో తాంబూలాలు ఎడం చేత్తో ఇస్తారాండీ?"

"కాదండీ, ముందు భుజం ఇలా తిప్పి..." అంటూ పళ్ళెంతో సహా తిరిగాను. సరిగ్గా సూర్యనారాయణ గారికి వీపు పెట్టాను. వక్కలు చాపమీద దొర్లాయి. ఆయన చాపిన చేతులు వెనక్కి తీసుకున్నారు. చెల్లెలి కళ్ళలో నీళ్ళు చూసి, భూమి నన్ను మింగేస్తే బావుణ్ణనిపించింది.

శిరీష లేచి వచ్చింది. నన్ను ముందుకు తిప్పి, నా కుడిచేతిని లాగి పళ్ళానికి పట్టించింది. "రెండు చేతులతో ఇవ్వు అన్నయ్యా," అని ఆయన వైపు తిరిగి, "మావయ్యగారూ, మా అన్నయ్యకి ఆట రాదండి. మీరంటే గౌరవం మాత్రం ఉందండి," అంది.

ఆయన నవ్వేశారు. "ఆయ్. రెండు చేతులైతే మాకేం అభ్యంతరం లేదమ్మా," అని పళ్ళెం అందుకున్నారు.

నేను నోరు తెరుచుకుని చెల్లెలి వంకే చూస్తుండిపోయాను. అంత జోరుగా వచ్చిన బంతిని అంత మెత్తగా తిప్పికొట్టడం సుజాత గారి దగ్గర కూడా చూడలేదు.

కాబట్టి సకల బంధుమిత్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఎడమచెయ్యి ఇకపై కోర్టు గేటు దాటి బయట ఏ శుభకార్యంలోనూ తలదూర్చదు. ఇదంతా కుడిచేత్తోనే రాశాను. బ్యాక్‌హ్యాండ్ మాత్రం ఇప్పటికీ రాలేదు.